స్వతంత్ర వైద్య పరీక్షకు రమ్మని లేఖ వస్తే ఏం చేయాలి

గదిలోకి అడుగు పెట్టగానే డాక్టరు నవ్వుతూ "ఎలా ఉన్నారు?" అని అడిగారు. "బాగున్నానండీ" అన్నాను. ఎవరు పలకరించినా అప్రయత్నంగా నోటికి వచ్చే మాట అది. కొన్ని వారాల తర్వాత నివేదిక నా చేతికి వచ్చింది. అందులో మొదటి పేజీలోనే "తాను బాగున్నట్లు ఈ వ్యక్తి స్వయంగా చెప్పారు" అని రాసి ఉంది. పనిచేసే చోట పడిపోయి, కుడి భుజం తలపైకి లేవక నేను అవస్థ పడుతున్న రోజులవి.

ఆయన అబద్ధం రాయలేదు, నేను అన్న మాటే రాశారు. ఆ గదిలో పలికే ప్రతి మాటకూ కాగితం మీద చోటు ఉంటుందని నాకే తెలియలేదు. బీమా, పరిహారం లాంటి విషయాలు తేల్చడానికి, మీకు చికిత్స చేయని డాక్టరు చేత చేయించే పరీక్షనే స్వతంత్ర వైద్య పరీక్ష అంటారు. తర్వాత ఇలాంటి పరీక్షకు మరోసారి వెళ్లాను, తెలిసినవారికి తోడుగా ఇంకొన్నిసార్లు వెళ్లాను. మొదటిసారి నాకు ఎవరూ చెప్పని సంగతులు మీకు ముందే తెలియాలని ఇదంతా రాస్తున్నాను.

ముందుగా, ఆ డాక్టరు ఎవరో తెలుసుకోండి

పనిలో గాయపడినవారు, రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవారు, దీర్ఘకాలిక వైకల్య బీమా కోరుతున్నవారు, నష్టపరిహారం కోసం దావా వేసినవారు, మళ్లీ ఉద్యోగంలో చేరబోతున్నవారు ఎక్కువగా ఈ పరీక్షకు వెళ్లాల్సి వస్తుంది. బీమా కంపెనీయో, యజమానో, ఎదుటి పక్షం న్యాయవాదో, కోర్టో అడిగితే పరీక్ష జరుగుతుంది. ఖర్చు సాధారణంగా అడిగినవారే భరిస్తారు. నివేదిక కూడా వారికే వెళ్తుంది.

"స్వతంత్ర" అనే మాట చాలామందిని పొరపాటు పడేలా చేస్తుంది. మీకు చికిత్స చేస్తున్న డాక్టరుతో సంబంధం లేని మరో డాక్టరు అని మాత్రమే దాని అర్థం. డబ్బు ఇచ్చేవారితో కూడా సంబంధం ఉండదని అనుకోకండి. అలాగని శత్రువు ముందుకు వెళ్తున్నట్లు ముడుచుకుపోనవసరం లేదు. ఈ పని నిజాయితీగా చేసే డాక్టర్లు ఎందరో ఉన్నారు. కొన్ని దేశాల్లో కోర్టుకు నివేదిక ఇచ్చే నిపుణుడికి ఫీజు ఎవరు చెల్లించినా, మొదటి బాధ్యత కోర్టు పట్లే ఉంటుందని నియమం ఉంది. ఇంగ్లండ్, వేల్స్ సివిల్ కోర్టుల నిబంధనల్లో 35వ భాగం ఇదే చెబుతుంది.

అయినా ఒక తేడా మాత్రం మనసులో గట్టిగా నాటుకోవాలి. ఆయన మీకు మందు రాయరు, చికిత్స చేయరు, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పరు. మీ డాక్టరుతో చెప్పుకొనే మాటలకు ఉండే గోప్యత ఇక్కడ ఉండదు. మీరు చెప్పింది నివేదికలోకి ఎక్కుతుంది, మీ క్లెయిము గురించి నిర్ణయించేవారు దాన్ని చదువుతారు. కాబట్టి కుటుంబ కలహాలు, యజమాని మీద కోపం, న్యాయవాదితో మీరు మాట్లాడుకున్న విషయాలు అక్కడ ఎత్తకండి.

లేఖ వచ్చిన రోజే చేయాల్సిన పనులు

లేఖను నెమ్మదిగా రెండుసార్లు చదవండి. పరీక్ష ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, పరీక్షించేది ఏ విభాగం డాక్టరు, ఎక్కడ, ఏ సమయానికి రావాలి, వెంట ఏం తేవాలి అన్నవి ఒక కాగితం మీద రాసుకోండి. నరాల సమస్య ఉన్నవారిని ఎముకల డాక్టరు ఒక్కరే చూడబోతున్నట్లయితే, ఆ సంగతి పరీక్షకు ముందే రాతపూర్వకంగా అడగండి. నివేదిక వచ్చాక అడిగితే అది ఓడినవారి సాకులా వినిపిస్తుంది.

న్యాయవాది ఉంటే లేఖ అందిన రోజే ఆయనకు చూపించండి. ఇలాంటి పరీక్షకు హద్దులు ఉంటాయి. ఉదాహరణకు అమెరికా ఫెడరల్ కోర్టుల్లో సివిల్ విధాన నిబంధనల్లో 35వది, పరీక్షకు ఆదేశించేటప్పుడు సమయం, స్థలం, పద్ధతి, షరతులు, పరిధి, పరీక్షించే వ్యక్తి ఎవరు అన్నవన్నీ ఆదేశంలో ఉండాలని చెబుతుంది. మీరున్న చోట నియమం వేరుగా ఉండవచ్చు. కానీ "దేన్ని పరీక్షిస్తారు, ఎంతవరకు?" అని అడగడం ఎక్కడైనా న్యాయమైన ప్రశ్నే.

ఇష్టం లేదని వెళ్లడం మానేయకండి. చాలా బీమా ఒప్పందాల్లోనూ, పరిహార చట్టాల్లోనూ సరైన కారణం లేకుండా హాజరుకాకపోతే చెల్లింపులు ఆగిపోతాయి. ఒళ్లు బాగాలేకనో, అంత దూరం ప్రయాణించలేకనో ఆ తేదీ కుదరకపోతే వెంటనే ఫోను చేసి, అదే విషయాన్ని ఈమెయిలులో కూడా రాసి మరో తేదీ అడగండి. ప్రయాణ ఖర్చులు ఇస్తారా, దుబాసీని ఏర్పాటు చేస్తారా, తోడుగా ఒకరిని తెచ్చుకోవచ్చా, మాటలను రికార్డు చేసుకోవచ్చా అన్నవి కూడా అప్పుడే అడగండి. రికార్డింగు విషయంలో నియమాలు చోటును బట్టి పూర్తిగా మారిపోతాయి. అనుమతి లేకుండా ఫోను జేబులో ఆన్ చేసి పెట్టుకుంటే మీకే నష్టం జరగవచ్చు.

దుబాసీ విషయం చిన్నది కాదు. మంట, పోటు, సలుపు, తిమ్మిరి, లాగడం, గుంజడం ఇవన్నీ మనకు వేరువేరు బాధలు. రాని భాషలో మాట్లాడితే అన్నీ కలిసి ఒక్క "నొప్పి" అయిపోతాయి. నరం నలిగినందువల్ల వచ్చే మంటకూ, కండరం పట్టేసినందువల్ల వచ్చే సలుపుకూ తేడా డాక్టరుకు చాలా ముఖ్యం. ఆ తేడా చెప్పగలిగే భాషలోనే మాట్లాడండి. ఇంట్లో పిల్లల చేత అనువాదం చేయించకండి.

ఒక్క పేజీలో మీ కథ

డాక్టరు చేతిలో మీ రికార్డులు ఉంటాయి. అవి అసంపూర్ణంగా ఉండవచ్చు, వరుస తప్పి ఉండవచ్చు. అందుకే మీరు ఒక పేజీ తయారు చేసుకోండి. గాయమైన తేదీ, అది జరిగిన తీరు రెండు వాక్యాల్లో, మొదట ఎవరికి చూపించుకున్నారు, ఏ నెలలో ఏ స్కానింగు, ఏ ఆపరేషన్, ఏ చికిత్స పనిచేసింది, ఏది పనిచేయలేదు, ఇప్పుడు వాడుతున్న మందులు, వాటి మోతాదులు. ఇది మీ జ్ఞాపకానికి ఊతంగా ఉంటుంది. ఈ పేజీని డాక్టరుకు ఇవ్వాలా వద్దా అన్నది న్యాయవాదిని అడిగి నిర్ణయించుకోండి. ఇచ్చిన కాగితం కూడా రికార్డులో చేరిపోతుంది.

పాత గాయాల గురించి మాత్రం దాపరికం వద్దు. పదేళ్ల క్రితం నడుం పట్టేసి మూడు రోజులు సెలవు పెట్టి ఉంటే ఆ చీటీ ఎక్కడో ఒక ఫైలులో ఉంటుంది. "మీకు ఇంతకుముందు నడుం నొప్పి ఉండేదా?" అని అడిగినప్పుడు లేదన్నారో, ఆ తర్వాత మీరు చెప్పే నిజాలన్నీ సందేహంలో పడతాయి. "ఉండేది, కొద్ది రోజుల్లో తగ్గిపోయింది, ప్రమాదానికి ముందు రోజు వరకు మామూలుగా బరువులు ఎత్తాను" అని చెబితే మీ మాట నిలబడుతుంది. పైగా పాత జబ్బు కొత్త గాయం వల్ల ముదిరితే దానికి కూడా పరిహారం ఇచ్చే చట్టాలు చాలా చోట్ల ఉన్నాయి. దాచిపెట్టి ఆ దారిని మీ చేతులతో మూసేసుకోవద్దు.

నొప్పిని ఎలా చెప్పాలి

అందరూ తడబడేది ఇక్కడే. కొందరు ఓర్చుకోవడం గొప్ప అనుకుని తగ్గించి చెబుతారు. కొందరు నమ్మరేమోనన్న భయంతో పెంచి చెబుతారు. రెండు దారులూ మిమ్మల్ని దెబ్బతీస్తాయి.

పరీక్షకు రెండు వారాల ముందు నుంచి రోజూ నాలుగు వాక్యాలు రాసుకోండి. ఎంతసేపు నిద్రపట్టింది, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, కుర్చీలో ఎంతసేపు కూర్చోగలిగారు, ఏ పని మధ్యలో ఆపేశారు. రెండు వారాల తర్వాత ఆ కాగితాలు తిరగేస్తే మీ శరీరం గురించి మీకే తెలియని సంగతులు కనిపిస్తాయి. నాకు అలాగే తెలిసింది. భుజం రోజంతా ఒకేలా నొప్పి పెడుతోందని అనుకునేవాణ్ణి. రాసి చూసుకుంటే, పొద్దున నెమ్మదిగా ఉండి, చేయి పైకెత్తి పనిచేసిన రోజు సాయంత్రానికి పెరుగుతోందని అర్థమైంది.

"నడవలేను" అన్నారనుకోండి. కారు దగ్గర నుంచి గది వరకు మీరు నడిచి వచ్చారు కదా, ఆ ఒక్క మాటతో మీ మీద నమ్మకం పోతుంది. "పది నిమిషాలు ఆగకుండా నడవగలను, ఆ తర్వాత ఎడమ పిక్కలో తిమ్మిరి మొదలవుతుంది, ఐదు నిమిషాలు కూర్చుంటే తగ్గుతుంది" అన్నారనుకోండి. ఈ మాట నుంచి డాక్టరు ఒక నిర్ధారణకు రాగలరు, మీ డైరీ దానికి సాక్ష్యం చెబుతుంది. "ఎప్పుడూ", "అస్సలు", "పూర్తిగా" అనే మాటలు నోటికి వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, అది అక్షరాలా నిజమేనా అని చూసుకోండి.

మంచి రోజుల గురించి కూడా చెప్పండి. వారంలో రెండు రోజులు నయంగా ఉంటే అది చెప్పి, మిగతా ఐదు రోజులు ఎలా ఉంటాయో చెప్పండి. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అని అడుగుతారు. స్థిమితంగా కూర్చుని మాట్లాడుతూ పదికి పది అంటే ఎవరికీ నమ్మబుద్ధి కాదు. "ఇప్పుడు నాలుగు, నిన్న రాత్రి ఏడు, ఈ నెలలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న రోజు తొమ్మిది" అని చెబితే ఆ అంకెలకు అర్థం ఉంటుంది.

పరీక్ష రోజు

మందులు రోజూ ఎలా వేసుకుంటారో అలాగే వేసుకోండి. నొప్పి బాగా కనిపించాలని మాత్ర మానేయడం, బాగా నడవాలని రెండు వేసుకోవడం, రెండూ తప్పే. ఏ మందు ఎన్ని గంటలకు వేసుకున్నారో అడిగితే చెప్పండి. చేతికర్ర, నడుం బెల్టు లాంటివి రోజూ వాడుతుంటే తీసుకెళ్లండి, వాడకపోతే ఆ రోజు కోసం కొత్తగా మొదలుపెట్టకండి. సులువుగా విప్పుకోగల వదులైన బట్టలు వేసుకోండి. అరగంట ముందే చేరుకోండి.

పరీక్ష గది తలుపు దాటకముందే మొదలవుతుంది. కారులోంచి దిగడం, మెట్లెక్కడం, సంచిని ఏ చేత్తో పట్టుకున్నారు, కుర్చీలోంచి ఎలా లేచారు, చొక్కా ఎలా విప్పారు అన్నవి గమనించి రాసే డాక్టర్లు ఉన్నారు. అది వారి పనిలో భాగం. పరీక్ష జరిగే రోజుల్లో బీమా కంపెనీ తరఫున ఎవరో బహిరంగ ప్రదేశాల్లో మిమ్మల్ని వీడియో తీయడం కూడా జరుగుతుంటుంది. దీని గురించి భయపడి ప్రయోజనం లేదు. లోపల ఎలా ఉంటారో బయటా అలాగే ఉండండి, అంతకు మించిన జాగ్రత్త లేదు.

సంతకం చేయమని ఫారాలు ఇస్తే చదవకుండా చేయకండి. "మీ పూర్తి వైద్య చరిత్ర అంతా తెప్పించుకోవడానికి అనుమతి" లాంటి వాక్యం కనిపిస్తే, న్యాయవాదిని అడిగి ఇస్తానని మర్యాదగా చెప్పండి.

ప్రశ్న పూర్తిగా విన్నాకే, అడిగినంతవరకే జవాబు చెప్పండి. జ్ఞాపకం లేకపోతే "గుర్తు లేదు" అనండి. వేగం ఎంత, దూరం ఎంత, ఎన్ని కిలోల బరువు అన్న ప్రశ్నలకు ఊహించి అంకెలు చెప్పకండి. మీరు నోటికొచ్చిన అంకె చెబితే, మరో కాగితంలో మరో అంకె ఉండి, ఆ తేడాయే రేపు పెద్ద వాదన అవుతుంది. డాక్టరు మీ మాటను మరోలా తిరిగి చెబితే, "అది కాదండీ, నేను చెప్పింది ఇది" అని అక్కడికక్కడే సరిదిద్దండి.

శరీరాన్ని ఎలా పరీక్షిస్తారు

ఏం చేస్తున్నారో తెలిస్తే కంగారు తగ్గుతుంది. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో కోణమానినితో కొలుస్తారు. రెండు తొడలు, రెండు ముంజేతుల చుట్టుకొలత టేపుతో చూస్తారు. వాడకం తగ్గిన వైపు కండరం కరుగుతుంది కాబట్టి ఆ సెంటీమీటర్ల తేడా మీ మాటకు బలమవుతుంది. చిన్న సుత్తితో మోకాలు, మడమ దగ్గర తట్టి నరాల ప్రతిస్పందన చూస్తారు. పిడికిలి బలాన్ని ఒక పరికరం బిగించి పట్టుకోమని కొలుస్తారు, అదే మళ్లీ మళ్లీ చేయిస్తారు. ప్రతిసారీ అంకెలు విపరీతంగా మారిపోతే పూర్తి బలం పెట్టడం లేదన్న అనుమానం వస్తుంది.

ఒకే విషయాన్ని రెండు రకాలుగా చూసే పరీక్షలు కూడా ఉంటాయి. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తుతారు. కాసేపటికి మీరు కూర్చుని ఉండగా, పాదం చూస్తున్నట్లుగా మోకాలు చాపుతారు. నరానికి ఒత్తిడి ఉంటే రెండుసార్లూ ఏదో ఒక మేరకు తెలియాలి. నడుం నొప్పి విషయంలో స్కాట్లాండ్‌కు చెందిన ఎముకల సర్జన్ గోర్డన్ వాడెల్ 1980లో ప్రచురించిన గుర్తులను ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు. అవి ఐదు రకాలు. నడి నెత్తిన మెల్లగా నొక్కితే నడుం నొప్పి వస్తోందా అని చూడడం వాటిలో ఒకటి. ఐదింటిలో మూడు గానీ, అంతకన్నా ఎక్కువ గానీ కనిపిస్తే శరీర గాయం కాక ఇంకేదో కూడా ఈ నొప్పిలో కలిసి ఉందని ఆయన ఉద్దేశం. ఆ ఇంకేదో అన్నది భయం కావచ్చు, దిగులు కావచ్చు. ఈ గుర్తులను నటన పట్టుకునే సాధనంగా వాడవద్దని వాడెల్ స్వయంగా 1998లో తోటి పరిశోధకుడితో కలిసి హెచ్చరించారు. మీ నివేదికలో ఈ గుర్తులను చూపించి "నటిస్తున్నారు" అని రాసి ఉంటే, మీ డాక్టరు జవాబులో చెప్పాల్సిన మొదటి మాట ఇదే.

ఈ పరీక్షలను గెలిచే కిటుకులు వెతకకండి. నొప్పి ఉన్న చోట ఉందనండి, లేని చోట లేదనండి. చేయగలిగినంత బలం పెట్టండి. నొప్పి ఎక్కడ మొదలవుతుందో అక్కడే "ఇక్కడి నుంచి నొప్పి" అని నోటితో చెప్పండి, ముఖం చూసి గ్రహిస్తారని అనుకోకండి. గాయం ముదురుతుందనిపిస్తే ఆపమని అడిగే హక్కు మీకుంది. సూదులు గుచ్చే పరీక్షలు, కొత్త ఎక్స్‌రేలు లేఖలో లేకుండా హఠాత్తుగా అడిగితే, ముందు అనుమతి విషయం తేల్చుకోండి.

మానసిక పరీక్షలు, జ్ఞాపకశక్తి పరీక్షలు గంటల తరబడి సాగవచ్చు. విరామం అడగండి. వాటిలో మనం నిజంగా ప్రయత్నిస్తున్నామా లేదా అని చూసే భాగాలు కలిసిపోయి ఉంటాయి. అలసిపోయి ఏదో ఒక గడి నింపేస్తే ఆ భాగాల్లోనే దెబ్బతింటారు.

బయటికి వచ్చిన గంటలోపు

కారులో గానీ, బస్టాపులో గానీ కూర్చుని వెంటనే రాసేయండి. లోపలికి ఎన్ని గంటలకు వెళ్లారు, డాక్టరు ఎన్ని గంటలకు వచ్చారు, ఎప్పుడు వెళ్లిపోయారు, మాటలకు ఎంతసేపు పట్టింది, శరీరం చూడడానికి ఎంతసేపు పట్టింది, ఏ కీలు కొలిచారు, ఏది ముట్టుకోనేలేదు. తోడు వచ్చినవారి చేత విడిగా రాయించండి. నేను తోడు వెళ్లినప్పుడు ఒకసారి శరీర పరీక్ష ఏడు నిమిషాల్లో ముగిసింది. పొడవాటి నివేదికలో మెడ కదలికల కొలతలు వివరంగా ఉన్నాయి. కానీ ఆ రోజు మెడను ఎవరూ కొలవలేదు. అక్కడే రాసిపెట్టుకున్న ఆ అరపేజీ లేకపోతే మా మాటకు ఆధారమే ఉండేది కాదు.

పరీక్ష తర్వాత నొప్పి పెరిగితే ఒకటి రెండు రోజుల్లోనే మీ డాక్టరును కలిసి ఆ విషయం రికార్డు చేయించండి.

నివేదిక చేతికి వచ్చాక

నకలు కావాలని రాతపూర్వకంగా అడగండి. న్యాయవాది ఉంటే ఆయన ద్వారానే అడగండి, ఎందుకంటే కొన్ని చోట్ల అడగడానికి కూడా పర్యవసానాలుంటాయి. ఇందాక చెప్పిన అమెరికా నిబంధన ప్రకారం, పరీక్ష చేయించుకున్నవారు నివేదిక కోరి తీసుకుంటే, అదే సమస్య మీద తమకు జరిగిన ఇతర పరీక్షల విషయంలో గోప్యత హక్కును వదులుకున్నట్లు అవుతుంది.

చదివేటప్పుడు కోపం వస్తుంది, రానివ్వండి. ఒక రోజు ఆగి, పెన్సిలు పట్టుకుని మళ్లీ చదవండి. ముందు వాస్తవాలు చూడండి: తేదీలు, కుడి ఎడమలు, మందులు, మీరు చెప్పిన మాటలు. తర్వాత ఆయన చూసిన రికార్డుల జాబితా చూడండి. ముఖ్యమైన స్కానింగు రిపోర్టు అందులో లేకపోతే అది పెద్ద లోపం, దాని ఆధారంగా మళ్లీ చూడమని అడగవచ్చు. ఆ తర్వాత అసలు తీర్పులు. గాయానికీ ప్రమాదానికీ సంబంధం ఉందా, ఏ పనులు చేయకూడదు, శాశ్వత వైకల్యం ఎంత శాతం. "ఇంతకు మించి మెరుగయ్యే అవకాశం లేని స్థితికి చేరుకున్నారు" అన్న అర్థం వచ్చే వాక్యం కోసం ప్రత్యేకంగా వెతకండి. నయమైపోయిందని దాని అర్థం కాదు, కుదుటపడిందని మాత్రమే. కానీ ఆ వాక్యం వల్లే చాలామందికి వారం వారం వచ్చే చెల్లింపులు ఆగిపోతాయి.

వెన్నెముక గాయాల నివేదికల్లో తరచూ కనిపించే మరో మాట, "ఇవి వయసు వల్ల వచ్చిన మార్పులు". ఇందులో సగం నిజం ఉంది. ఏ నొప్పీ లేనివారి స్కానింగులను ఎన్నో అధ్యయనాల నుంచి కలిపి 2015లో ప్రచురించిన సమీక్షలో, 20 ఏళ్ల వయసువారిలోనే 37 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 96 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. అంటే అరుగుదల ఉన్నంత మాత్రాన నొప్పి ఉండి తీరాలని లేదు. అదే లెక్క మీకూ పనికొస్తుంది. స్కానింగులో పాత అరుగుదల ఉన్నంత మాత్రాన ప్రమాదానికి ముందే మీకు నొప్పి ఉండేదని చెప్పలేరు. అప్పటి మీ హాజరు పట్టిక, మీరు చేసిన పని, డాక్టరు దగ్గరికి వెళ్లని ఏళ్లు, వీటితో మీ డాక్టరు ఈ వాదన కట్టగలరు.

తప్పులను సరిదిద్దే లేఖ పొట్టిగా ఉండాలి. పేజీ నంబరు, అక్కడ ఉన్న వాక్యం, సరైన సంగతి, దానికి ఆధారం. అభిప్రాయాల మీద మీరు వాదించకండి, ఆ పని మీకు చికిత్స చేస్తున్న డాక్టరుది. "నాకు మద్దతుగా ఒక లేఖ ఇవ్వండి" అని ఆయన్ని అడిగితే నాలుగు ముక్కలు రాసి ఇస్తారు. ఆ నివేదికను ఆయన చేతికిచ్చి, ఏయే నిర్ధారణలతో విభేదిస్తున్నారో, ఏ పరీక్ష ఫలితం ఆధారంగా విభేదిస్తున్నారో పాయింట్ల వారీగా రాయమని అడగండి. అందుకు ప్రత్యేకంగా సమయం తీసుకోండి, మామూలుగా చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఐదు నిమిషాల్లో తేలే పని కాదది.

కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్షకు పిలవవచ్చు. అప్పుడు కొత్త డాక్టరు ముందున్న కట్టలో పాత నివేదిక తప్పకుండా ఉంటుంది. దాని మీద మీరు రాసిన సవరణ లేఖ, మీ డాక్టరు ఇచ్చిన జవాబు కూడా ఆ కట్టలో చేరాయో లేదో పరీక్షకు వారం ముందే రాసి కనుక్కోండి. చేరకపోతే నకళ్లు మీరే పంపి, అందినట్లు రసీదు తీసుకోండి.